పంతులుగారి ఫోను చాలా బాగుందండి

భక్తి తగ్గిపోతోంది, పెద్దలంటే గౌరవం పోతోంది, కుర్రకారు చెడిపోతోంది అని బెంగపెట్టుకునే పెద్దలారా! మీ బెంగకి మందు దొరికింది. దాని పేరు కాలర్ ట్యూను!

నవ్వకండి. మనం ఫోన్ చేస్తే అవతలివాళ్ళు ఎత్తేదాకా మన చెవిలో మోగే ఆ పాటని మీరు న్యూసెన్స్ అనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మా వీధి పిల్ల ఫణిశ్రీ చేసిన ఉపకారంతో నా కళ్ళు తెరుచుకున్నాయి.

ఫణిశ్రీ టెన్త్ క్లాసు. రామచంద్రపురంలో ముహూర్తాలు పెట్టే పురోహితులు వేంకటరమణగారి ఒక్కగానొక్క కూతురు. ఈ ఏడాది, అంటే రెండువేల ఏడులో, వినాయక చవితి మర్నాడు ఆ పిల్ల లెక్కల హోంవర్కు కనుక్కుందామని నాన్న సెల్లు తీసుకుని, స్నేహితురాలు హేమశ్రీ వాళ్ళ అన్నయ్య నంబరుకి చేసింది. అవతల పాట అందుకుంది.

"ముద్దుకి ముహూర్తమేంటి మావా, మూఢంలో ముడేసుకుందాం రావా!"

మధ్యలో ఒకావిడ గొంతు, ఈ పాట మీకూ కావాలంటే స్టార్ నొక్కండి అంది. స్టార్ నొక్కితే పాట మళ్ళీ మొదట్నించి వినిపిస్తుందేమో అనుకుంది ఫణిశ్రీ. నొక్కింది. పాట వచ్చి నాన్న నంబరు మీద కూర్చుంది!

ఇక్కడే ఈ యంత్రం గొప్పతనం గమనించాలి. ఎవరి కాలర్ ట్యూను వారికి వినపడదు. ఊరంతా వింటుంది, సొంతదారుకి మాత్రం ట్రింగ్ ట్రింగ్! ముహూర్తం అడగడానికి ఫోన్ చేసినవాడికల్లా ముహూర్తమేంటి మావా అని జవాబు వస్తోందని ఆ మహానుభావుడికి ఎలా తెలుస్తుంది?

మర్నాడు స్కూల్లో హేమశ్రీ పొట్ట పట్టుకుని నవ్వుతూ సంగతి చెప్పేసరికి ఫణిశ్రీకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటే ఆ ఏడే మొదటిసారిగా అట్లతద్దెకి హేమశ్రీ వాళ్ళింటికి పంపిస్తానని నాన్న ఒప్పుకున్నారు. అక్కడ మామిడిచెట్టుకి పెద్ద ఉయ్యాల వేస్తారు. క్లాసు ఆడపిల్లలందరూ వస్తారు. ఇన్నేళ్ళూ ఎప్పుడడిగినా "మనింట్లోనే అట్లు తిని, మన పెరట్లోనే ఆడుకోమ్మా" అనేవారు. ఒక్కతే పెరట్లో ఎవరితో ఆడుకుంటుంది, కరివేపాకు మొక్కతోనా? పైగా వచ్చే ఏడు ఇంటర్, హాస్టలు. ఇంటర్లో చేరినవాళ్ళకి పండగలుంటాయా? ఉయ్యాల ఎక్కితే ఈ ఏడే ఎక్కాలి. పాట సంగతి తెలిస్తే నాన్న వీధి గుమ్మం కూడా దాటనివ్వరు.

అందుకని తనే రహస్యంగా పాట తీయించబోయింది. కస్టమర్ కేర్‌కి చేసి ఒకటి నొక్కమంటే ఒకటి నొక్కింది, నాలుగు నొక్కమంటే నాలుగు నొక్కింది. పాట పోలేదు సరికదా, రోజూ పొద్దున్నే రాశిఫలాల మెసేజ్ రావడం మొదలైంది! పంచాంగం చెప్పి బతికే మనిషికి సెల్లు పంచాంగం చెప్పడం!

"గురువు ఏ రాశిలో ఉన్నాడో కూడా తెలీకుండా ఎలా పంపిస్తున్నారమ్మా వీళ్ళు?" అని ఆయన కూతురి దగ్గరే విసుక్కునేవారు. ఫణిశ్రీ తల వంచుకుని ఇడ్లీ తినేది.

ఇక ఊళ్ళో పెరిగిన భక్తి గురించి చెబుతాను, వినండి. ఏనాడూ గుడి మెట్లెక్కని కుర్రాళ్ళు ఏకాదశి ఎప్పుడండీ అని ఫోన్లు! ఎరువుల కొట్టువాళ్ళు స్పీకర్ పెట్టుకుని మరీ రాహుకాలం కనుక్కున్నారు. కడియం నర్సరీ మొక్కలు తోలుకెళ్ళే లారీ డ్రైవరు, పేరు ఆశీర్వాదం, ఆదివారం ప్రార్థన తప్పని మనిషి, నాగపూర్ నించి ఎస్టీడీ చేసి "ఇవాళ తిథేంటండి పంతులుగారూ?" అన్నాడు. అంత దూరం నించి, ఆ మతం మనిషి తిథి అడగడం మీరెప్పుడైనా విన్నారా?

మిస్డ్ కాల్స్ లెక్కే లేదు. రాత్రి భోజనాల దగ్గర వేంకటరమణగారు ఫోను చూసుకుని మురిసిపోయేవారు. "నలభై ఏడమ్మా ఇవాళ! పిల్లలకి మాట్లాడటానికి భయం కాబోలు, నేను ఎత్తేలోపే పెట్టేస్తున్నారు. కుర్రకారులో మార్పొచ్చింది."

గౌరవం సంగతి అడక్కండి. "నిదానంగా ఎత్తండి గురువుగారూ, మాకేం తొందర్లేదు" అని ఊరంతా ఒకటే ప్రాధేయపడటం! ఎంత మర్యాదస్తులో అనుకుని ఆయన ఫోను మోగినప్పుడల్లా శ్లోకం ఒకటి పూర్తిగా చదివి, అప్పుడు ఎత్తేవారు.

పోనీ ఎవరైనా చెప్పచ్చు కదా అంటారేమో. గోదావరి జిల్లాలో పెద్దమనిషికి అలాంటి మాట చెబుతామా? హేమశ్రీ నాన్న పెదబాబుగారు పెద్ద రైతు, ధైర్యస్తుడు. ఒకనాడు వీధిలో పట్టుకుని చెప్పేద్దామని మొదలుపెట్టారు.

"పంతులుగారూ, మీ ఫోను... ఆయ్... మీ ఫోను చాలా బాగుందండి."

"ఛార్జింగు కూడా బాగా నిలబడుతుందండి" అన్నారు వేంకటరమణగారు సంతోషంగా.

అంతే, పెదబాబుగారు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

అట్లతద్దె ముందురోజు మధ్యాహ్నం ఆ పెదబాబుగారింట్లోనే సత్యనారాయణ వ్రతం. చేయించింది వేంకటరమణగారే. నాన్న వెంట వెళ్ళిన ఫణిశ్రీ హేమశ్రీ పక్కన కూర్చుని గోరింటాకు పెట్టించుకుంది, రెండు చేతులకీ ముద్దలు ముద్దలుగా. ఇంకొక్క పూట గడిస్తే ఉయ్యాల!

వ్రతం అయింది. స్వయంపాకం ఇచ్చారు. బియ్యం, పప్పు, గుమ్మడికాయ బుట్టలో సర్దుకుని లేస్తూ వేంకటరమణగారు బొడ్లో తడుముకున్నారు. ఫోను లేదు.

"పెదబాబుగారూ, ఒకసారి మీ సెల్లిలా ఇవ్వండి. రింగిస్తే తెలుస్తుంది."

హాల్లో నలభై మంది చుట్టాలు. ఒక్కరు సెల్లిస్తే ఒట్టు!

"మీకెందుకండి శ్రమ? మేం వెతుకుతాం కదండి" అన్నారు పెదబాబుగారు. ముగ్గురు పెద్దమనుషులు, పట్టుపంచలతో, మంచాల కింద దూరిపోయారు. బ్యాలెన్స్ లేదండి అన్నారొకరు. అసలు నాకు ఫోనే లేదండి అన్నారింకొకరు, చేత్తో ఫోను పట్టుకునే.

చివరికి పెదబాబుగారి తల్లి పాపాయమ్మగారు మనవడి సెల్లు తెచ్చి పంతులుగారి చేతిలో పెట్టింది. ఆవిడకి చెవుడు. ఊళ్ళో ఆ పాట వినని రెండో మనిషి ఆవిడే.

లాక్కుందామని ఫణిశ్రీ ఒక్క ఉరుకు ఉరికింది. దేంతో లాక్కుంటుంది? పది వేళ్ళూ గోరింటాకే! చేతులు గాల్లో పెట్టుకుని "నాన్నా!" అని అరిచింది.

"ఉండమ్మా, రింగవుతోంది" అన్నారాయన ఫోను చెవికి ఆనించుకుని.

స్వయంపాకం బుట్టలో, గుమ్మడికాయ కింద ఫోను మోగింది. అందరూ బుట్ట చూపిస్తున్నారు. ఆయన వినడం లేదు. ఆయన వింటున్నది వేరు.

"రాంగ్ నంబరండి" అని పెట్టేసి మళ్ళీ నొక్కారు. గుమ్మడికాయ మళ్ళీ మోగింది. ఈసారి పాట చివరిదాకా విని, నెమ్మదిగా పీట మీద కూర్చున్నారు.

"ఎన్నాళ్ళనించండి ఇది?"

"చవితి వెళ్ళిన కాణ్ణించండి" అన్నారు పెదబాబుగారు నేల చూపులు చూస్తూ.

"మరి ఎవరూ చెప్పలేదేంటండి?"

"పెద్దవారు... ఎలా చెబుతామండి?"

"ఆ కుర్రాళ్ళందరూ రోజూ చేసేవారు కదండి. నేనింకా..." అని ఆగిపోయారాయన.

ఆ మొహం చూసిన ఫణిశ్రీకి ఉయ్యాలా గుర్తులేదు, అట్లూ గుర్తులేవు. ఏడుపు తన్నుకొచ్చింది. తుడుచుకుందామన్నా చేతులు ఖాళీ లేవు.

"నేనే నాన్నా. స్టార్ నొక్కాను. భయమేసి చెప్పలేదు."

ఆయన గుమ్మడికాయ పక్కకి జరిపి, ఫోను తీసి బొడ్లో దోపుకున్నారు.

"మూఢంలో ముడెయ్యకూడదమ్మా. ఆ రాసినవాడికి శాస్త్రం తెలీదు" అన్నారు చివరికి. "చేతులు కదపకు, గోరింటాకు రాలిపోతోంది. రేపు ఉయ్యాల ఎక్కాలా, వద్దా?"

ఎక్కింది. మామిడికొమ్మ విరుగుతుందేమో అన్నంతగా ఊగింది.

పాట తీయించేశారు. మర్నాటి నించి ఊళ్ళో భక్తి మాయమైపోయింది! ఏకాదశి ఎవరికీ అక్కర్లేదు, లారీ డ్రైవరు ఆశీర్వాదానికి తిథి అక్కర్లేదు. వేంకటరమణగారు ఫోను చేత్తో పట్టుకుని, సిగ్నల్ ఉందో లేదో వీధిలోకి వచ్చి చూసుకుంటున్నారు. సాయంత్రం నాలుగున్నరకి మాత్రం ఒక్క ఫోన్ వస్తుంది. స్కూలు పక్క కాయిన్ బాక్సు నించి.

"నాన్నా, ఇవాళ తిథేంటి?"

ఆయన అలవాటుగా శ్లోకం పూర్తిచేసి ఎత్తుతారు. ఆ పిల్ల అంతసేపూ ఆగుతుంది.

నా సంగతా? నేనూ పద్దెనిమిదిసార్లు చేశాను, గోడ మీద క్యాలెండర్ చూస్తూనే తిథి అడిగాను. పాట తీసేశాక ఒక్కసారీ చేయలేదు.

ఈమధ్య మా వీధిలో అందరూ నన్ను చూసి మహా వినయంగా నవ్వుతున్నారు. నిదానంగా ఎత్తండి మాస్టారూ అంటున్నారు. ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళి నా నంబరుకి నేనే చేసుకుని వినచ్చు. ధైర్యం చాలట్లేదు. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఊళ్ళో ఫణిశ్రీ ఒక్కతే, ఆ పిల్లని అడగాలంటే సిగ్గు. నిన్న పెదబాబుగారు ఎదురొచ్చి, గొంతు సవరించుకుని, "మీ ఫోను చాలా బాగుందండి" అన్నారు.

నేనేమన్నానంటారా?

ఛార్జింగు కూడా బాగా నిలబడుతుందండి అన్నాను.