షావుకారు వేషం

ఆ రోజు కొట్టు గుమస్తా నీలకంఠం అనుకున్నది చాలా చిన్న పని. పొద్దున్నే కొట్టు తెరవాలి, మధ్యాహ్నం వేషం కట్టి మొక్కు తీర్చుకోవాలి, దీపాలవేళకు మళ్ళీ కొట్టుకు రావాలి. బరంపురంలో ఠాకురాణీ అమ్మవారి యాత్ర జరుగుతోంది. కొడుక్కి అమ్మవారు పోసినప్పుడు, బిడ్డ బతికితే మొగుడి చేత వేషం కట్టించి బిచ్చమెత్తిస్తానని భార్య అప్పలనర్సమ్మ మొక్కుకుంది. మొక్కడం ఆవిడ వంతు, ఎత్తడం ఈయన వంతు. సంసారాలన్నీ ఇలాగే నడుస్తాయి.

తీరా వేషాలవాడి దగ్గరకు వెళ్తే పులులన్నీ అయిపోయాయి. కోతి మిగిలింది గాని దానికి తోక లేదు. దిగులుగా కొట్టుకు తిరిగి వచ్చేసరికి చాకలి పైడయ్య కొట్టు యజమాని షావుకారు గురువులు గారి నల్లకోటు, జరీ తలపాగా ఇస్త్రీ చేసి తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. గురువులుది పసుపు, చింతపండు టోకు వ్యాపారం. పెళ్ళికైనా, ఛత్రపురంలో కలెక్టరు దర్శనానికైనా ఆయనకున్నది ఆ ఒక్క కోటే.

"బాబూ, ఈ ఒక్క పూటా మీ కోటేసుకుని ఎల్లొస్తాను. షావుకారు ఏషం కడతాను," అన్నాడు నీలకంఠం.

గురువులు జపంలో ఉన్నాడు. జపం అయ్యేదాకా నోరు విప్పడు. ముక్కు మీద వాలిన ఈగ ఎంతకీ లేవకపోతే తల పైకీ కిందికీ గట్టిగా ఆడించాడు. నీలకంఠం దండం పెట్టి కోటు తొడుక్కున్నాడు.

వేషం మరీ బాగా కుదిరింది. అదే వచ్చిన చిక్కు. దూరం నుంచి చూసినవాళ్ళకు కోటూ తలపాగా కనిపించాయి, చాచిన జోలె కనిపించింది. గురువులు షావుకారు బిచ్చమెత్తుకుంటున్నాడన్న మాట బజారు దాటేసరికి దివాలా అయింది, స్టేషను చేరేసరికి ఐ.పి. అయింది. పొద్దున్న అరువుకి చింతపండు దింపిన రంభ ఊరి వర్తకులు పరుగున వచ్చి తమ బస్తాలు తామే మళ్ళీ బండ్లకెక్కించుకోసాగారు.

"కోటు నీకెవడిచ్చేడ్రా?" అని అరిచాడు గురువులు.

"మీరే బాబూ. తలాడించేరు గదా."

"ఈగని తోలుకున్నాన్రా, దొంగా!"

నలుగురిలో అన్న మాట వెనక్కి రాదు. నౌకరు దొంగతనం చేశాడని కేసు పెట్టాడు. చైత్రంలో పెట్టిన కేసు ఆషాఢానికీ తెమల్లేదు. వాయిదాకీ వాయిదాకీ మధ్య కోటు కోర్టు పెట్టెలో మగ్గింది. దొంగ అనిపించుకున్న గుమస్తాను ఇంకో కొట్టువాడెవడూ రానివ్వలేదు. అప్పలనర్సమ్మ ఊళ్ళోవాళ్ళ పిండి దంచి ఇల్లు నెట్టుకొస్తోంది. శిక్ష పడితే ఇక నీలకంఠానికి జైలే. అటు గురువులు బస్తాలు తనే తూచుకుని నడుం పట్టేసి మూలుగుతున్నాడు.

నీలకంఠం తరఫు ప్లీడరు లక్ష్మణరావుకు ఒక ఎత్తు తోచింది. "నువ్వు ఆ కోటు వేసుకుని నిలబడు. నిన్ను చూసి షావుకారు అనుకునేవాడు లోకంలో ఎవడూ ఉండడని రుజువు చేస్తాను. ఎవర్నీ మోసం చెయ్యని వేషం నేరమెలా అవుతుంది?"

పాత మేజిస్ట్రేటు ఇచ్చిన అనుమతితో నీలకంఠం కోటు తొడుక్కుని, తలపాగా చుట్టుకుని నిలబడ్డాడు. గురువులు నడుం నొప్పికి నిలబడలేక, పసుపు మరకల పంచెతో గోడవారన చతికిలబడ్డాడు. అంతలో దక్షిణాది నుంచి బదిలీ మీద వచ్చిన కొత్త మేజిస్ట్రేటు, రైలు దిగిన బడలికతో ఆ ఉక్కలో వచ్చి కూర్చున్నాడు. కాగితాలు తిరగేసి, కోటు వైపు తిరిగాడు.

"షావుకారుగారూ, ఒక్క కోటు కోసం ఇన్నాళ్ళా? రాజీ పడకూడదా?"

నీలకంఠం బిత్తరపోయి ప్లీడరు వైపు చూశాడు. ప్లీడరు సీలింగు వైపు చూశాడు.

గురువులు గోడ పట్టుకుని లేచాడు. "బాబూ! షావుకార్ని నాను!"

"అదేనయ్యా నీ జబ్బు!" అన్నాడు మేజిస్ట్రేటు. "షావుకారు వేషం వేసి ఊరంతా తిరిగావని ఇక్కడే రాసి ఉంది. ఇంకా వదల్లేదా? కూర్చో!"

కోర్టు గుమస్తాకు అందరూ తెలుసు. కాని సరిదిద్దితే ఇంకో వాయిదా. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"చెప్పండి షావుకారుగారూ."

నీలకంఠానికి ఏడుపొచ్చింది. "నానేటి సెప్పను బాబూ? ఆయన మంచోరే. కోపంలో ఏదో జరిగిపోనాది. తిరిగి తిరిగి ఇద్దరం సచ్చిపోతన్నాం. ఒగ్గియ్యండి."

మేజిస్ట్రేటు మనసు కరిగింది. కేసు కొట్టేశాడు. "ఇతన్ని మళ్ళీ పనిలో పెట్టుకోండి," అని కోటుకు చెప్పి, "ఇకనైనా బుద్ధిగా ఉండు," అని పంచెకు చెప్పి లేచిపోయాడు.

బయట మెట్ల మీద నీలకంఠం కోటు విప్పి రెండు చేతులా అందించాడు. గురువులు మెట్టు మీద కూలబడి దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. తిట్టడానికి ఓపిక లేదు. క్షమించమని అడగడం అలవాటు లేదు.

"ఒరే నీలకంఠం," అన్నాడు చివరికి. "దొరగారు నన్ను పన్లో ఎట్టుకోమన్నారు గదా. రేపు ఏ ఏళకి రావాల్రా?"

నీలకంఠం కళ్ళు తుడుచుకున్నాడు. "పొద్దు పొడవకముందే రావాల బాబూ. మన షావుకారు శానా కోపిష్టి."

మర్నాడు ఇద్దరూ ఆలస్యంగానే వచ్చారు.