శనివారం షామియానా

శనివారం మీటింగు పెట్టుకోవడం అచియా చేసిన మొదటి పొరపాటు. రొమ్ము కాన్సరు నుంచి ఆమె బయటపడి నాలుగేళ్లయింది. చెయ్యి వాపూ, కీళ్ల నొప్పులూ, మళ్లీ తిరగబెడుతుందేమోనన్న బెంగా మాత్రం బయటపడనివ్వలేదు. ఏ పరీక్షకైనా కుమాసి పట్నం దాకా వ్యానులో కుదుపులు తింటూ పోవాల్సిందే. కోలుకున్నవాళ్ల కోసం తమ ఊరు బ్రెమాసోలోనే వారానికోసారి క్లినిక్ పెట్టమని జిల్లా ఆరోగ్యాధికారి అసిబేను అడిగితే, "తగ్గిపోయిందిగా ఆంటీ! తగ్గినవాళ్లకి వైద్యమేంటి? మా రూల్సులో లేదు" అని నవ్వి పంపేశాడు. అందుకని ఈసారి తనలాంటి ఆడవాళ్లను పదిమందిని కూడగట్టి, ఆయన్ను ఇంటికే భోజనానికి పిలిచింది.

రెండో పొరపాటు షామియానా. శనివారమంటే చావు కర్మల రోజు కదా, మంచివన్నీ అప్పటికే ఎవరో పట్టుకుపోయారు. అద్దెకిచ్చే నిమో దగ్గర ఎరుపూ నలుపూ చారలది, అంటే చావింటి రంగులది, ఒక్కటే మిగిలింది. "నీడకేగా, వేసెయ్యి" అంది అచియా. నిమో పొద్దున్నే వేసేసి, దారిలో కనబడినవాళ్లందరికీ "అచియా ఆంటీ వాకిట్లో వేసొస్తున్నా" అని చెప్పుకుంటూ పోయాడు. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు పాపం.

విన్నవాళ్లు ఊహించేసుకున్నారు. "అయ్యో, ఎప్పుడు పోయింది?"

"పెద్దలకి చెప్పేదాకా కబురు దాచుంటారులే. ఆ జబ్బేగా మరి!"

పెరట్లో టమాటాలు వేసి వండిన జొలోఫ్ అన్నం కలుపుతున్న అచియా దగ్గరికి స్నేహితురాలు కొనాదు రొప్పుతూ వచ్చింది. "ఏమేవ్, వాకిట్లో ఇసకేస్తే రాలడం లేదు! అందరూ ఎర్ర బట్టలే!"

అచియా కళ్లు చెమర్చాయి. "ఎర్ర బట్టలా? మన కోసం ధర్నాకొచ్చారే!"

"ఏడుస్తున్నారు కూడానే!"

"క్లినిక్ లేకపోతే ఏడవరూ? ఇంకో బియ్యం బస్తా విప్పు."

ఇంతలో అసిబే కారు దిగాడు. ఎర్ర బట్టలు చూశాడు, ఏడుపులు విన్నాడు, ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. షామియానాతో పాటు వచ్చిన మైకు అందుకున్నాడు. "ఈ తల్లి నోరు విడిచి అడిగింది. నేను నవ్వాను. దేవుడు నన్ను క్షమించడు. వచ్చే నెల నుంచి ఇక్కడ క్లినిక్ నడుస్తుంది. పరీక్షలూ, మందులూ, దిగులు చెప్పుకోవడానికో మనిషీ, అన్నీ ఉంటాయి. ఇది నా మాట!"

ఊరిపెద్ద లేచి ఆ మాటకు సాక్ష్యంగా నేల మీద సారా ఒంపాడు. సరిగ్గా అప్పుడే అచియా ఆనందం పట్టలేక గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. "మీ కడుపు చల్లగుండ, అసిబేగారూ!"

కుర్చీలు తిరగబడ్డాయి. సగం జనం గేటు దాటేశారు. ఊరివాళ్లు అద్దెకు పిలిపించిన ఏడుపు మనిషి ఒక్కతే, కూలి మాట్లాడుకున్నది కాబట్టి, ఆపకుండా ఏడుస్తూనే ఉంది.

"నువ్వు... పోలేదా?" అన్నాడు అసిబే.

"పోతే క్లినిక్ ఎందుకయ్యా నాకు?"

ఆయన మైకు కింద పెట్టేశాడు. "అలాగైతే... ఆ మాట మళ్లీ ఓసారి ఆలోచించి..."

"సారా నేల తాగేసింది" అన్నాడు ఊరిపెద్ద తాపీగా. "కక్కించు, చూద్దాం."

క్లినిక్ పెట్టారు. మొదటి వారమే అచియా వెళ్లి చెయ్యి చూపించుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసింది.

ఆ ఆదివారం పక్క ఊరి షుగరు రోగుల సంఘం వాళ్లు నిమో ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లకి ఎరుపూ నలుపూ చారలదే కావాలట.