ప్రమీల మోకాళ్ల బండి

"నా మోకాళ్ల మీద మీకింత ప్రేమ ఎప్పణ్నుంచండీ?" అంది ప్రమీల మూడోసారి.

"పెళ్లయిన దగ్గర్నుంచీ."

"అబద్ధం. పోయిన గురువారం నుంచి. బుల్లిరాజు ఫోను చేసిన దగ్గర్నుంచి."

వాదన అప్పటికే రెండు కాఫీలూ ఒక బెండకాయ వేపుడూ దాటింది. సంగతేమిటంటే, మా బావమరిది బుల్లిరాజు పనిచేసే హోటల్లో పాత గోల్ఫ్ బండ్లు తీసేస్తున్నారు. చూశారుగా, ఆటోకి నాలుగో చక్రం తగిలించి కలిగినవాళ్లింట్లో పెంచినట్టుంటుంది. అందులో ఒకటి మాకిప్పిస్తానన్నాడు. ఈ గల్ఫు దేశంలో, బుదైయాలో మా అబ్బాయి జస్వంత్ దగ్గర మేముండే కాంపౌండు అంటే చిన్న ఊరు. ముందు గేటు నుంచి వెనక గేటుకి నడిస్తే అరికాళ్లు అప్పడాలవుతాయి. మా ఈడువాళ్లు కొందరు ఇప్పటికే ఇలాంటి బండ్లలో కూరలకీ కబుర్లకీ తిరుగుతున్నారు.

"సత్యదుర్గ గారింటికి నువ్వు పారాయణకి వెళ్లాలంటే ఎంత దూరం! పాపం, మోకాళ్లు..."

"ముందు నా మోకాళ్లని మీ నోట్లోంచి దించండి."

మీ దగ్గర దాపరికమెందుకు? నాకు షుగరు. రోజూ ముప్పావుగంట నడవాలని డాక్టరుగారి ఆజ్ఞ. సాయంత్రం కాగానే జస్వంత్ కొనిచ్చిన బూట్లు బిగించుకుని సైనికుడిలా బయల్దేరతాను. వెనక గేటు పక్కన అబ్బులు టీకొట్టుంది. అక్కడ ముప్పావుగంట కూర్చుని, మొహం మీద నీళ్లు చల్లుకుని, చెమట పట్టినట్టు ఇంటికొస్తాను.

"ఇంత నడుస్తున్నా ఈ షుగరు దిగదేవిటండీ?" అంటుంది ప్రమీల, రిపోర్టు తిరగేసి మరగేసి.

"ఒంటి తత్వం" అంటాను.

కానీ టీకొట్టు దాకా నడవడం మాత్రం తప్పడంలేదు కదా. బండొస్తే ఆ బాధా ఉండదు. ప్రమీలని పారాయణలో దింపి, రెండు గంటలు అబ్బులు దగ్గర స్వర్గం. ఈ సంగతి బయటపడిందా, నా బతుక్కిక సమోసా వాసన కూడా తగలదు.

చివరికి కోడలు మధులిక "పోనీలెండి అత్తయ్యా, మావయ్యగారికి ముచ్చటగా ఉంది" అనడంతో ప్రమీల మెత్తబడింది. శుక్రవారం పొద్దున్నే బండొచ్చింది.

"పూజ చెయ్యకుండా ఎక్కడానికి వీల్లేదు" అంది ప్రమీల. ముందుకి బంతిపూల దండ కట్టారు. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. సత్యదుర్గ గారితో సహా కాంపౌండులో తెలుగువాళ్లంతా ప్రసాదం కోసం మూగారు. ప్రమీల హారతిచ్చి, "ఇక తొక్కించండి" అంది.

తాళం తిప్పాను. చప్పుడు లేదు.

"ఆనయింది బావగారూ" అన్నాడు బుల్లిరాజు.

"నాకు చెప్పకు. హిద్ రేవులో ముప్పై ఏళ్లు క్రేను నడిపినవాణ్ణి. నేను ఆన్ చేస్తే వీధి వీధంతా అదిరేది. ఇది పోయిన బండి."

"బ్యాటరీదండీ, చప్పుడు చెయ్యదు."

"చప్పుడు చెయ్యకుండా పనిచేసేది లోకంలో ఏదీ లేదు" అని, ఎంత తొక్కితే మోగుతుందో చూద్దామని కిందున్న పెడల్ని అడుగంటా తొక్కాను.

మోగలేదు. ఎగిరింది.

నాలుగు నిమ్మకాయలూ ఒక్కసారే చితికాయి. దండ తెగి నా మెళ్లో పడింది. క్రేనులో ఆపడమంటే చేతిపని. నేను కారు నడిపిన పాపాన పోలేదు, ముప్పై ఏళ్లూ కంపెనీ బస్సే. అందుకని నా చెయ్యి లేని లీవరు కోసం గాలిలో వెతుకుతోంది, కాలేమో బిగుసుకుపోయి ఇంకా తొక్కుతోంది.

"బ్రేకు! బ్రేకు నాన్నా!" అని జస్వంత్ వెనకాల పరుగు. వాడి వెనక బుల్లిరాజు, మధులిక, ప్రసాదం చేతులతో కాంపౌండంతా. అందరికంటే వెనక హారతి పళ్లెంతో ప్రమీల. ఎవరివో ఆరేసిన బట్టలు నా మీద నుంచి వెళ్లాయి. లేక నేనే వాటి మీద నుంచి వెళ్లానేమో.

బండి తిన్నగా వెళ్లి వెనక గేటు దగ్గర అబ్బులు ప్లాస్టిక్ కుర్చీల దొంతరని కౌగిలించుకుని ఆగింది. దెబ్బలేం తగల్లేదు. జనమంతా రొప్పుతూ చుట్టూ చేరారు. ప్రమీల కూడా వచ్చింది.

అబ్బులు పొయ్యి దగ్గర్నుంచి తలెత్తాడు.

"ఆయ్, బాబాయిగారూ! ఇయ్యాల పొద్దున్నే వచ్చేసేరేంటండీ? రోజూలాగే రెండు సమోసాలు, పంచదార ఎక్కువేసి టీయేనాండీ?"



"రోజూనా నాయనా?" అంది ప్రమీల, తేనె పోసినట్టు.

"రోజూనండి. శుక్రవారం మాత్రం మూడు సమోసాలండి."

ప్రమీల నావైపు చూడలేదు. బుల్లిరాజుతో, "తమ్ముడూ, ఇది వెనక్కెలా తిప్పాలి?" అంది. వాడు చూపించాడు. ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకుంది. పక్కన సత్యదుర్గ గారిని కూచోబెట్టుకుని, ఆవిడ ఒళ్లో హారతి పళ్లెం పెట్టి, బండిని పెరుగు కుండలా జాగ్రత్తగా నడుపుకుంటూ వెళ్లిపోయింది. నన్ను ఎక్కమని ఎవరూ అనలేదు. మెడలో దండతో నడుచుకుంటూ ఇల్లు చేరాను.

మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. ప్రమీల నా కంచంలో కాకరకాయ వేసింది. అడక్కుండానే మళ్లీ వేసింది. గొంతు పెంచకుండా చెప్పింది:

"ఇవాళ్టి నుంచి మీ నాన్నగారు నడుస్తారు. ఈ చివర్నుంచి ఆ చివరికి, మూడుసార్లు. ఆయన వెనకాల నేను బండిలో వస్తాను."

"సరే అమ్మా" అన్నాడు జస్వంత్.

"సరే అత్తయ్యా" అంది మధులిక.

ముగ్గురూ నావైపు చూశారు. కాకరకాయ మింగి, "ఎన్నింటికి?" అన్నాను.