అందరికీ చెప్పు

ఆ ఆదివారం పొద్దున్న అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పాటలు వినిపించే స్మార్ట్ స్పీకర్ ఒకటి కొని, భోజనాల వేళకి హాల్లో పాట మోగించాలి. హాల్లో ముప్ఫై ఏళ్ళుగా పాడుతున్న రేడియో మూడు వారాల క్రితం గొంతు పడిపోయి మూలన కూర్చుంది. పాట ఆగిపోయేసరికి ఆ ఇంట్లోవాళ్ళకి ఒకరి మాటలు ఒకరికి స్పష్టంగా వినపడటం మొదలైంది. అది ఎవరి ఆరోగ్యానికీ మంచి చెయ్యలేదు.

అల్లుడు ఆ ఇంటికి ఇల్లరికం వచ్చి ఎనిమిదేళ్ళయింది. వీధి చివర అతనికి కళ్ళజోళ్ళ షాపుంది. షాపులో అతని మాటే చెల్లుతుంది. ఇంట్లో మాత్రం ఎనిమిదేళ్ళలో అతని అభిప్రాయం రెండుసార్లే అడిగారు. ఒకసారి కరెంటు పోయినప్పుడు ఎప్పుడొస్తుందంటారని, ఇంకోసారి గొడుగు అవసరమంటారా అని. రెండుసార్లూ అతను తప్పే చెప్పాడు. అలాంటిది అత్తగారు కాఫీ గ్లాసు చేతికిస్తూ, "మీరే చూసి ఒకటి పట్రండి అల్లుడుగారూ, మాకేం తెలుస్తుంది" అనేసరికి అతనికి నేల మీద కాలు ఆగలేదు. ఆ సంబరంలో 'ఒకటి' అన్న మాట చెవికెక్కలేదు.

మూడు తెచ్చాడు. ఒకటి గుండ్రంగా ఉంది, ఒకటి పొడుగ్గా గ్లాసులా ఉంది, ఒకటి పలకలా ఉంది.

"మూడెందుకండీ?" అంది అత్తగారు.

"నచ్చింది ఉంచుకుని మిగతా రెండూ బుధవారంలోగా తిరిగిచ్చెయ్యడమే అత్తయ్యగారూ. షాపువాడు నాకు తెలిసినవాడు, వాడి చూసుకోమన్నాడు. నా షాపులో నేను అద్దాలు మార్చి మార్చి చూపించకుండా ఎవరికైనా కళ్ళజోడు ఇస్తానా? మొదటిది బాగుందా, రెండోది బాగుందా అని అడుగుతాను. ఇదీ అంతే."

మామగారు పేపరు దించకుండానే, "మీరిచ్చిన కళ్ళజోడుతో నాకు పేపరు బారెడు దూరంలో పెడితేనే కనిపిస్తోంది" అన్నారు.

అల్లుడు ఆ మాట విననట్టే పనిలో పడ్డాడు. గుండ్రటిది హాల్లో మామగారి పడక్కుర్చీ పక్కన పెట్టాడు. పలకది వంటింట్లో డబ్బాల అరమీద పెట్టాడు. పొడుగుది మేడ మీద వదినగారి గదిలో పెట్టాడు. వదినగారంటే భార్యకి అక్క. ఆవిడ నర్సు. ఆవిడ భర్త ఏడాదిలో ఎనిమిది నెలలు ఓడ మీదే ఉంటాడు కాబట్టి ఆవిడ పుట్టింట్లోనే ఉంటుంది. ఆ నెలంతా రాత్రి డ్యూటీలు చేసి పొద్దున్న తొమ్మిదింటికి ఇల్లు చేరుతోంది. పగలు నిద్ర పట్టాలంటే ఆవిడకి వాన చప్పుడు వినిపిస్తూ ఉండాలి.

మూడింటినీ ప్రస్తుతానికి తన అకౌంటుతోనే కలిపాడు. పెద్దవాళ్ళకి నోరు తిరిగేలా, "వినమ్మా" అంటే పలికేట్టు అమర్చాడు. పిలవగానే పెట్టె మీద నీలం దీపం వెలుగుతుంది, ఆ తర్వాత ఏం కావాలో చెప్పాలి. ఒక్కొక్కరినీ వరసగా పిలిచి, ఒక్కొక్క పెట్టె దగ్గర నిలబెట్టి, ఒక్కొక్క పాట పెట్టించాడు. మూడూ తేనెలొలికినట్టు పాడాయి. తలా ఒక కాగితం ఇచ్చి స్వరానికి పది, స్పష్టతకి పది, మాట వినడానికి పది మార్కులు వెయ్యమన్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

సోమవారం పొద్దున్న అతను షాపుకి వెళ్ళాక అసలు కథ మొదలైంది.

వదినగారు వచ్చి, వాన పెట్టుకుని పడుకుంది. కింద మామగారు, "వినమ్మా, ఫ్లూట్ కచేరీ పెట్టు" అన్నారు. ఫ్లూట్ మొదలైంది, మేడ మీద వాన ఆగింది. వాన ఆగేసరికి వదినగారికి మెలకువ వచ్చి మళ్ళీ పెట్టుకుంది. ఫ్లూట్ ఆగింది. ఇంతలో వంటింట్లో అత్తగారు పాత సినిమా పాటలు అడిగింది. వాన మళ్ళీ ఆగింది. ఫ్లూట్ ఎలాగూ లేదు. మామగారు వంటింటి వైపు చూశారు. సరిగ్గా తన ఫ్లూట్ ఆగాక అక్కడ పాట మొదలవడం ఆయనకి యాదృచ్ఛికంగా అనిపించలేదు. మళ్ళీ ఫ్లూట్ అడిగారు. చరణం మధ్యలో పాట తెగిపోయిన అత్తగారు గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నా పాటలంటే మీకు మొదట్నుంచీ గిట్టదు. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను."

"నేనేం చేశాను? కుర్చీలోంచి లేవనైనా లేవలేదు."

"లేవకుండా చేసేవే కదా మీవన్నీ."

వదినగారు మేడ మెట్ల మీదనుంచి, "ఈ ఇంట్లో మనిషి గంట పడుకోవడం ఎవరికీ ఇష్టం లేనట్టుంది" అని, వచ్చినంత వేగంగా వెనక్కి వెళ్ళింది. ముగ్గురూ పెట్టెల్ని అనుమానించలేదు. మనుషుల్ని అనుమానించడం వాళ్ళకి అలవాటైన పని.

మంగళవారం విషయం ముదిరింది. మామగారు చిన్నకూతుర్ని పిలిచి, "వినమ్మా, అందరికీ చెప్పు. నా కచేరీ జోలికి ఎవరూ రావద్దని" అన్నారు. ఆయన ఉద్దేశం కూతురు వెళ్ళి చెప్పాలని. కానీ పక్కనున్న పెట్టె తననే అనుకుంది. 'అందరికీ చెప్పు' అంటే ఆ తర్వాత చెప్పిన మాటల్ని అన్ని పెట్టెల్లోనూ వినిపించడం దాని ధర్మం. మరుక్షణం వంటింట్లోనూ మేడ మీదా మామగారి గొంతు ఖంగుమని మోగింది.

మామగారు ముప్ఫై రెండేళ్ళు రైల్వే స్టేషనులో అనౌన్సరుగా చేసి రిటైరయ్యారు. మైకు వదిలి ఏడేళ్ళయింది. తన గొంతు ఇంకో గదిలోంచి తనకే తిరిగి వినిపించేసరికి ఆయన పడక్కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. కచేరీ సంగతి మర్చిపోయారు. చొక్కా గుండీలు పెట్టుకున్నారు.

పది నిమిషాల్లో ఇల్లంతా మోగిపోయింది. "గృహ సభ్యులకు విజ్ఞప్తి. వంటింటి నుంచి హాలుకు రావలసిన కాఫీ ఇరవై నిమిషాలు ఆలస్యంగా నడుస్తోంది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

అత్తగారు గరిటె కింద పెట్టింది. తర్వాత తన పెట్టె వైపు తిరిగింది. "వినమ్మా, అందరికీ చెప్పు. ఆ కాఫీ రద్దయింది."

"గృహ సభ్యులకు విజ్ఞప్తి. మేడ మీది స్నానాల గది ఖాళీ అయినది."

"వినమ్మా, అందరికీ చెప్పు. మధ్యాహ్నం నుంచి ఎవరి వంట వాళ్ళే చేసుకోవాలి."

మేడ మీద, ఈ రెండు గొంతుల మధ్యా, వదినగారు నలభై నిమిషాలు నిద్రపోయింది. అదీ ముక్కలు ముక్కలుగా. ఆ రాత్రి ఆసుపత్రిలో రక్తపోటు చూసే పట్టీ రోగి చేతికి కట్టబోయి తన చేతికే కట్టుకుని, "మీకు కొంచెం ఎక్కువుందండీ" అని చెప్పిందట. పెద్ద నర్సు పక్కకి పిలిచి, ఇంకోసారి ఇలా జరిగితే వార్డులోంచి తప్పిస్తానంది.

బుధవారం పొద్దున్న ఆవిడ ఇంటికొస్తూనే బీరువా తెరిచి బట్టలు సర్దడం మొదలెట్టింది. నర్సుల క్వార్టర్సులో ఒక మంచం ఖాళీ ఉందట, మధ్యాహ్నం వెళ్ళిపోతానంది. హాల్లో మామగారు నిన్నటి బ్రెడ్డు నములుతున్నారు. వంటింట్లో అత్తగారు తన ఒక్కదానికే వండుకుని మూత పెట్టుకుంది.

అల్లుడు మార్కుల కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. మాట వినడానికి మూడు పెట్టెలకీ మూడు సున్నాలు వచ్చాయి. మామగారు సున్నా చుట్టూ ఇంకో సున్నా కూడా చుట్టారు. సాయంత్రంలోగా పెట్టెలు తిరిగివ్వాలి. ఎనిమిదేళ్ళకి ఒక పని అప్పగిస్తే పొయ్యి ఆరిపోయి ఒక మనిషి ఇల్లు వదిలిపోయేదాకా వచ్చింది. కాగితాలు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. అత్తగారు హాలు కిటికీ అవతల బావి దగ్గర గిన్నెలు తోముతోంది, భార్య ఒక్కతే ఉంది. భార్య బడిలో భూగోళం చెబుతుంది, ఆ వారం బడికి సెలవులు. ఇంట్లో ఏ ఖండానికీ చెందకుండా మెలగడం ఆమె పద్ధతి.

"మీవాళ్ళతో మాట్లాడు" అన్నాడు.

"నేనేం మాట్లాడను? మీరు తెచ్చినవి, మీరే చూసుకోండి."

"నేను చెబితే బాగుండదు. నా మాట వినమ్మా. అందరికీ చెప్పు, ఈ పెట్టెల్లో ఏ లోపమూ లేదని. లోపం మనుషుల్లో ఉంది. మీ నాన్నగారికి కావలసింది పాట కాదు, మైకు. మీ అమ్మగారికి పాట మీద మోజు లేదు, అవతలివాళ్ళు ఓడిపోవాలి, అంతే. ఇక మీ అక్కకి వాన చప్పుడెందుకు? ఆవిడ పడుకుంటే వచ్చే గురకే తుఫానులా ఉంటుంది."

చెబుతున్నంతసేపూ భార్య కళ్ళు పెద్దవి చేసి చేతులు ఊపుతూనే ఉంది. తన మాటల్లో ఉన్న నిజానికి ఆమె చలించిపోయిందని అతను అనుకున్నాడు. ఆమె చెయ్యి డబ్బాల అరవైపు చూపిస్తోందని ఆలస్యంగా గ్రహించి అటు తిరిగాడు. నీలం దీపం వెలిగి ఉంది. అది ఆరింది. ఆ వెంటనే హాల్లోంచి అతని గొంతే వినిపించింది. మేడ మీదనుంచి కూడా. ఏ పెట్టె స్పష్టత ఎంతో అప్పుడు అతనికి బాగా తెలిసింది. మూడింటికీ పదికి పది వెయ్యొచ్చు.

గురక దాకా వచ్చి గొంతు ఆగింది. తర్వాత అరమీది పెట్టె మర్యాదగా పలికింది.

"అల్లుడుగారికి విజ్ఞప్తి. అల్లుడుగారు ఎక్కడున్నా వెంటనే హాలుకు రావలసిందిగా కోరుతున్నాము."

హాల్లో అత్తగారూ మామగారూ రెండు రోజుల తర్వాత ఒకే సోఫాలో కూర్చుని ఉన్నారు. వదినగారు చేతిలో సంచీతో మెట్ల మీద నిలబడింది. అల్లుడికి ఎక్కడ నిలబడాలో తెలియక తివాచీ మధ్యలో నిలబడ్డాడు.

"గురక ఎవరు పెడతారు మరిదిగారూ?" అంది వదినగారు.

"ఏదో మాట వరసకి వదినా."

"నాకు ఓడించడం సరదానా అల్లుడుగారూ?"

"అది కాదత్తయ్యగారూ. పెట్టెల్లో లోపం లేదని చెప్పబోయి..." ఎలాగైనా ఆ ఒక్క ముక్కైనా రుజువు చేసుకోవాలని ఫోను తీశాడు. ఏ పెట్టెలో ఏ పాట ఎప్పుడు మోగిందో అందులో ఉంటుంది. "ఇదిగో చూడండి, అన్నీ రాసి ఉన్నాయి. ఎవరు ఎవరి పాట ఆపారో తేలిపోతుంది."

భార్య ఫోను అందుకుంది. పటం చదివినట్టు వేలుతో కిందికి జరుపుతూ చదివింది. కనుబొమలు దగ్గరకొచ్చాయి.

"సోమవారం పదీ ఇరవైకి నాన్నగారి ఫ్లూట్ ఆగింది. పదీ ఇరవైకి వయొలిన్ మొదలైంది. పదీ నలభైకి అక్క వాన ఆగింది, మళ్ళీ వయొలిన్. పదకొండుకి అమ్మ పాట ఆగింది, వయొలిన్. మన ఇంట్లో వయొలిన్ ఎవరు వింటారు?"

ఎవరూ వినరు. అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. అల్లుడు మాత్రం తివాచీ మీది పూలను చూస్తున్నాడు.

అతని షాపులో కళ్ళు పరీక్ష చేసే కుర్చీలో కూర్చున్నవాళ్ళు బిగుసుకుపోతారు. అందుకని ఒక్కొక్కరు కూర్చున్నప్పుడల్లా తన ఫోనులో పది నిమిషాలు వయొలిన్ పెడతాడు. అదీ ఆ అకౌంటే. ఈ రెండు రోజులూ అది మధ్యలో ఆగినప్పుడల్లా సిగ్నల్ అందలేదనుకుని మళ్ళీ పెట్టాడు. ఒక అకౌంటు మీద ఒక చోటే పాట మోగుతుందన్న సంగతి పెట్టెతో వచ్చిన కాగితంలో ఉంది. భార్య దాన్ని తెచ్చి మామగారి చేతికిచ్చింది. ఆయన బారెడు దూరంలో పెట్టి, అట్టడుగున ఉన్న అతి చిన్న అక్షరాల వరస గట్టిగా చదివారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పదిమంది చేత అట్టడుగు వరస చదివించే మనిషి, తను ఆ వరస చదవలేదు.

"మేం ముగ్గురం ఒకరి పాట ఒకరం ఆపుకున్న మాట నిజమేలే" అన్నారు మామగారు నెమ్మదిగా. "తెలియక ఆపుకున్నాం. కానీ రెండు రోజుల్లో మమ్మల్ని అందర్నీ కలిపి నలభైసార్లు ఆపింది మీరు."

"నలభై మూడు" అంది భార్య.

ముందు అత్తగారికి నవ్వొచ్చింది. పమిట నోటికడ్డం పెట్టుకుంది కానీ ఆగలేదు. మామగారు అందుకున్నారు. వదినగారు సంచీ మెట్టుమీద దింపి, దానిమీదే కూర్చుని నవ్వింది. రెండు రోజులుగా ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు తన మీద పడి ఏకమైపోవడం అల్లుడు కళ్ళారా చూశాడు. అతనికి అవమానంగా ఉంది. ప్రాణం కుదుటపడినట్టూ ఉంది. అత్తగారు లేచి, "కాఫీ పెడతాను, అందరూ ఉండండి" అన్నప్పుడు ఆ 'అందరూ'లో తను ఉన్నాడో లేదో అని చూసుకున్నాడు. ఉన్నాడు. గ్లాసు మాత్రం చివర వచ్చింది.

పెట్టెల ఎంపిక రెండు నిమిషాల్లో అయిపోయింది. స్వరం, స్పష్టత ఎవరూ అడగలేదు. అత్తగారు పలకదాన్ని అరమీదనుంచి తియ్యనివ్వలేదు, డబ్బాల పక్కన సరిగ్గా పట్టిందట. గుండ్రటిది తీసుకెళ్తానంటే మామగారు దానిమీద చెయ్యి వేసుకు కూర్చున్నారు. పొడుగుదాని సంగతి అడగడానికి మేడ మీదకి వెళ్తే వదినగారు అప్పటికే నిద్రపోయింది. దాంతో మూడూ ఉండిపోయాయి. భార్య ఎవరి అకౌంటు వాళ్ళకి విడిగా పెట్టింది. అల్లుడికి ఆ పని చూడటానికి కూడా అనుమతి దొరకలేదు.

ఆ తర్వాత వారం రోజులు ఎవరి పాటకీ ఎవరూ అడ్డు రాలేదు. మామగారు ఫ్లూట్ ఒక్కరోజే విన్నారు. ఆ పైన రోజుకి ఆరుసార్లు ప్రకటనలు చేస్తున్నారు. అత్తగారు, ఎవరూ ఆపకపోయేసరికి పాటల్లో పస తగ్గిందని మూడో రోజే పెట్టె కట్టేసింది. వదినగారు వాన పెట్టుకోవడం మర్చిపోయి తొమ్మిది గంటలు ఏకబిగిన నిద్రపోతోంది. ఆ నిద్ర చప్పుడు కింద హాల్లోకి వినిపిస్తోంది. తను ఆ రోజు అన్న మాటల్లో ఒక్కటీ అబద్ధం కాలేదని అల్లుడు గమనించాడు.

ఈ సంగతి చెప్పడానికి భార్యని షాపుకి పిలిపించుకున్నాడు.