అల్లుడి తలకెక్కిన బంగారం

కొందోతో అనే ఏటి ఒడ్డు ఊళ్లో ఆ ఉదయం బెనిల్దా పెట్టుకున్న పని ఒక్కటే. పసికందు మనవరాలి బొడ్డుతాడు పొద్దున్నే ఊడింది. ఆ బొడ్డు మానేలోగా అమ్మమ్మ తన చేత్తో ఏట్లో కడిగి తీసిన బంగారపు రజను చిటికెడు అక్కడ అద్దాలి. అద్దితేనే పిల్ల మీద జన్మంతా ఏటి దయ ఉంటుంది. నలుగురు పిల్లల్ని తాను పెంచగలిగింది తన బొడ్డుకు అమ్మమ్మ అద్దిన ఆ చిటికెడు వల్లేనని బెనిల్దా ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటుంది.

ఏరు వారంగా పొంగుతోంది. వరదకు ముందు కడిగి దాచిన, బంగారం కలిసిన నల్ల ఇసుకే ఇక దిక్కు. దాన్ని గిన్నెలో పోసి, జిగురాకు నలిపి రసం పిండింది. ఆ జిగురులో ఇసుక పైకి తేలి, బంగారం అడుగున నిలుస్తుంది. గిన్నెను పెరటి అరుగు మీద పెట్టి, బాలింతకు అరటికాయలు ఉడకెయ్యడానికి లోపలికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి గిన్నె ఖాళీ. పక్కనే పొరుగింటి తెయోఫిలా కోడిపెట్ట నేలకు ముక్కు రాసుకుంటోంది.

"నా బంగారం మింగేసింది! తెయోఫిలా, కత్తి పట్రావే!"

"అది గుడ్లు పెట్టే పెట్టక్కా, బంగారం తినేది కాదు!"

"కోస్తే తెలుస్తుందిగా!"

కోశారు. నాలుగు మొక్కజొన్న గింజలు దొరికాయి. తెయోఫిలా పెట్ట ఈకలు పట్టుకుని ఏడుస్తుండగా, అల్లుడు ఎమిర్సన్ నున్నటి గుండుతో ఈల వేసుకుంటూ వచ్చాడు.

"ఇదేం అవతారమయ్యా?" అంది బెనిల్దా.

"తండ్రినయ్యాను కదత్తా, క్రాఫు చేయించుకుందామని బయల్దేరా. మీ అమ్మాయి ఆదివారాలు నా జుట్టుకి పిండే జిగురాకు రసమే అనుకుని అరుగు మీద గిన్నెడూ పట్టించేశా. ఈసారి అంతా ఇసకే! దువ్వెన దిగలేదని మంగలి పొలిదోరో మొత్తం గొరిగేశాడు."

బెనిల్దా ఖాళీ గిన్నె చూపించి, అందులో ఏముండేదో చెప్పింది. సంగతి తెలిశాక ఎమిర్సన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా పిల్ల అదృష్టం నేనే గొరిగించేశానా అత్తా?"

అందరూ పొలిదోరో సెలూన్‌కు పరిగెత్తారు.

"ఇప్పుడే ఊడ్చి వెనక గోతిలో పారేశాను. ఇరవై ఏళ్ల జుట్టుందమ్మా అందులో. ఏది మీవాడిదని వెతుకుతారు?"

తెయోఫిలా అప్పటికే ఇంటికెళ్లి, ఏట్లో ఇసుక కడిగే చెక్క పళ్లెం తెచ్చేసింది. "పెట్ట సంగతి తర్వాత. ముందు పిల్ల బొడ్డు" అంది. ఆమె వెనక వీధి ఆడవాళ్లంతా పళ్లేలతో దిగారు. గోతిలోని జుట్టంతా తోడి తగలబెట్టి, ఆ కంపులోనే బూడిద కడిగారు. మళ్లీ జిగురాకు పిండారు. గిన్నె దగ్గరికి ఎమిర్సన్‌ను మాత్రం రానివ్వలేదు.

చిటికెడు అనుకున్నది అగ్గిపెట్టె అడుగు నిండా వచ్చింది. బెనిల్దా అయస్కాంతం తిప్పి మిగిలిన నల్ల రజను తీసేసింది. పచ్చటి పొడిలో తెల్లటి ప్లాటినం పూసలు మెరిశాయి.

"నా ఇసకలో తెల్లవి లేవే" అంది. తర్వాత చుట్టూ చూసింది. ఇరవై ఏళ్లుగా ఏట్లో తవ్వినవాళ్లంతా తలలో ఏటి రజనుతోనే పొలిదోరో కుర్చీలో కూర్చుని జుట్టు కత్తిరించుకున్నారు.

పిల్లను తెచ్చారు. ముందు బెనిల్దా, తర్వాత వీధి ఆడవాళ్లందరూ తలో రేణువు అద్దారు.

"నాకు అద్దింది మా అమ్మమ్మ ఒక్కతే. దీనికి వీధంతా అమ్మమ్మలే. మీ రుణం ఎలా తీర్చుకోనర్రా!" అని బెనిల్దా బావురుమంది. అల్లుడి గుండు మీద ముద్దు పెట్టింది. తెల్ల పూసలన్నీ ఏరి తెయోఫిలా చేతిలో పోసింది. మిగిలిన పచ్చ రజను, గొయ్యి అతనిదే గనుక, పొలిదోరోకు ఇచ్చింది. పెట్ట పులుసు అందరూ కలిసి తిన్నారు.

మర్నాడు పొలిదోరో సెలూన్‌కు కొత్త బోర్డు వేలాడింది: "క్షవరం ఉచితం. తల మాత్రం కడుక్కోకుండా రావలెను."