ఓడితే చాలు

పుంగనూరులో ఒక సర్కారు ఆఫీసు గుమాస్తా అంజినప్ప ఆ శుక్రవారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. మదనపల్లెకు పోవాలి. షటిల్ టోర్నమెంటులో మొదటి ఆటే ఓడిపోవాలి. సాయంత్రం నాలుగుకు అక్కడి ఆస్పత్రిలో అత్త నారాయణమ్మ కంటికట్టు విప్పేటప్పుడు మంచం పక్కన నిలబడాలి. శుక్లాలతో మూడేళ్లుగా చూపు ఆనని ఆవిడ, "కట్టు విప్పినాక ముందు మా అల్లుడి మొగమే సూడల్ల" అని పట్టుబట్టింది. తల్లి దగ్గరే ఉన్న భార్య రాజమ్మ, "టయానికి రాకుంటే ఆ కట్టు నీ మూతికి కడతా" అని కబురు పంపింది.

సెలవులేమో అయిపోయాయి. ఆటలకు పోయేవాళ్లకు మాత్రం ఆన్ డ్యూటీ ఇస్తారు. ఆఫీసులో పక్క సీటు మునిస్వామి ఈ ఉపాయం చెప్పి, ఆటగాడి మేనేజరు పేరుతో తనకూ ఒక రోజు సంపాదించుకున్నాడు.

"నాకు బ్యాటు పట్టుకునేదే సరిగ్గా రాదు కదప్పా," అన్నాడు అంజినప్ప బస్సులో.

"అదే మంచిది. ఇది నాకౌటు. ఒక్కతూరి ఓడితే ఇంటికి పొమ్మంటారు. ఆడకుండా వచ్చేస్తే మాత్రం ఆన్ డ్యూటీ రాదు."

ఓడడం అంత తేలికని అంజినప్ప కూడా నమ్మాడు. ఆటగాళ్లు జతలకు సరిపోక చీటీలు వేస్తే, ఆయనకు 'బై' వచ్చింది. అంటే మొదటి రౌండు ఆడకుండానే దాటినట్టు. రెండో రౌండులో ఎదురుపడాల్సిన కుప్పం ఆటగాడి బస్సు దారిలో చెడిపోయింది. అంపైరు మూడుసార్లు పేరు పిలిచి, ఆడకుండానే అంజినప్ప గెలిచినట్టు వాకోవర్ రాసేశాడు.

"ఇంకొంచేపు సూద్దాం సార్. పాపం, అంత దూరంనుంచి వస్తాండాడు," అని అంజినప్ప బతిమాలాడు.

ఎదుటివాడి కోసం ప్రాధేయపడే ఆటగాణ్ని అంపైరు ఇంతవరకు చూడలేదు. "రూలు రూలేనప్పా. నీది మాత్రం పెద్దమనసు," అని చెయ్యి కలిపాడు.

సెమీఫైనలుకు ముందు ఎదుటి ఆటగాడు కలికిరి కొండప్ప కాలు బెణికి తప్పుకున్నాడు. ఇక మునిస్వామి నోటికి అడ్డులేదు. "పొద్దున్నుంచి మావోడి ఎదర నిలబడినోడే ల్యా!" అని టీ అంగడి దగ్గర చాటాడు. అది అక్షరాలా నిజం కాబట్టి జనం నమ్మారు. మూడింటికి కోర్టు చుట్టూ ఇసకేస్తే రాలదు.

ఫైనలులో ఎదుటివాడు మదనపల్లెలో ఓటమి ఎరగని జయరత్నం, సన్నటి పెద్దమనిషి.

"రోజూ ఎన్ని గంటలు ప్రాక్టీసు చేస్తావు నాయనా?"

"చెయ్యను సార్."

జయరత్నం మొహం పాలిపోయింది.

అప్పటి రూలు ప్రకారం సర్వీసు చేసినవాడు గెలిస్తేనే పాయింటు. ఓడితే సర్వీసు ఎదుటివాడికి పోతుంది, అంతే. అంజినప్ప సర్వీసు నెట్టుకు తగులుతోంది. జయరత్నం బెదురుకొద్దీ బలంగా కొట్టేసరికి, ఆయనది గీత దాటుతోంది. సర్వీసు అటూ ఇటూ తిరుగుతోంది గాని, అరగంటైనా స్కోరు సున్నా దాటలేదు.

"ఏం సమవుజ్జీలప్పా!" అని జనం ఊపిరి బిగబట్టారు.

అంజినప్ప ఇక ఆగలేకపోయాడు. షటిల్ అందించే నెపంతో నెట్టు దగ్గరికి పోయి, "సార్, మీకు పుణ్యముంటాది, బిరీన ఓడించండి. నాలుక్కి ఆస్పత్రిలో మా అత్తకు కంటికట్టు ఇప్పతారు," అన్నాడు.

"నారాయణమ్మ అల్లుడివా? ఆ కట్టు విప్పేది నేనే కదయ్యా! నేనీడుంటే ఆడ ఎవురు విప్పతారు?"

కంటి డాక్టరు జయరత్నానికి భయం పోయింది. ఆ తర్వాత ఆయన ఆట చూసి అంజినప్ప నోరు తెరిచాడు. నెట్టు మీదుగా జారి, చప్పుడు లేకుండా వాలే షటిల్‌ను చూస్తూ బ్యాటు ఎత్తడమే మరిచాడు. మనిషి చేతిలో ఇంత పనితనం ఉంటుందా! ఈ చేతులే అత్త కంట్లో కత్తి పెట్టాయి కదా అనుకుంటే ఒళ్లు జలదరించింది, గుండెకు నిబ్బరమూ కలిగింది. రెండు గేములూ పదిహేను సున్నాతో ముగిశాయి.

నాలుగింటికి డాక్టరు చేతులు కడుక్కుని కట్టు విప్పాడు. నారాయణమ్మ రెప్పలల్లార్చి, ఎదురుగా ఉన్న అల్లుణ్ని తేరిపార చూసింది. ఆమె కళ్లు నిండిపోయాయి. ఆయనవీ నిండాయి.

"కనపడతాండాది నాయనా, అంతా కనపడతాండాది! అవునూ, నీ జుట్టంతా యాడికి పోయినాది?"

మర్నాడు పుంగనూరంతా, అత్త కంటి కోసం కప్పునే వదులుకున్న మహానుభావుడని అంజినప్పను చూడ్డానికి ఆఫీసుకొచ్చింది. ఆ పేరు కాపాడుకోవడానికి ఆయన మళ్లీ జన్మలో బ్యాటు ముట్టలేదు.