పన్నెండో కుర్చీ

లైబ్రేరియన్‌గారు ఆ పరిశుద్ధ గురువారం పొద్దున్నే వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి చర్చి హాల్లో పన్నెండు కుర్చీలు వరుసగా వేయడం, ఒక్కో కుర్చీ వీపున ఒక్కో నెంబరు చీటీ అంటించడం, ఏ నెంబరు ఎవరిదో సంఘం ఫోను గ్రూపులో పెట్టడం, ఎనిమిదింటికల్లా ఇంటికొచ్చి టిఫిను తినడం. ఆఖరి భోజనం రాత్రి ఏసుప్రభువు శిష్యులకు కడిగినట్టు, సాయంత్రం ఆరాధనలో పాస్టరుగారు పన్నెండు మంది పాదాలు కడుగుతారు. పోయినేడాది నెంబర్లు లేకపోవడంతో పదకొండు మందే వచ్చి కూర్చున్నారు. అందులో ఒకాయన ముందు ఈ చివరా, తర్వాత ఆ చివరా కూర్చుని రెండుసార్లు కడిగించుకున్నాడు. అది గుర్తొస్తే లైబ్రేరియన్‌గారికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పాతికేళ్ళపాటు పుస్తకాలకు నెంబర్లు వేసి, రిటైరై, సంఘానికి సెక్రటరీ అయిన మనిషి ఆయన. వాళ్ళింట్లో ఉప్పు డబ్బాకీ నెంబరుంది, పంచదార డబ్బాకీ నెంబరుంది. ఆయన భార్య మాత్రం ఇప్పటికీ మూత తీసి చూసే వాడుతుంది.

ఆవిడ సంఘంలో బుధవారం బైబిలు స్టడీ నడుపుతుంది. ఈస్టరు ముందటి ఈ లెంటు కాలమంతా వారానికి ఇద్దరు చొప్పున పన్నెండుమంది శిష్యుల గురించి చెప్పింది. అదీ మత్తయి సువార్తలో పేర్లున్న వరుసలోనే. ఆ వరుసను అందరి చేతా కంఠతా పట్టించింది. ఆఖరి ఇద్దరి పాఠం నిన్ననే అయింది.

టిఫిను పళ్ళెం ఆయన ముందు పెట్టి, ఆవిడ ఫోనులో లిస్టు చూసింది. చూస్తూ చూస్తూ కింది దాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయింది.

"ఏమండీ, పన్నెండు మా అన్నయ్యకిచ్చారా?"

"ఆఖర్న పేరిచ్చింది మీ అన్నయ్యే కదా. ఎవరు ముందు చెప్తే వాళ్ళు ముందు. లైబ్రరీలో అంతే, ఇక్కడా అంతే."

"పన్నెండు ఎవరో తెలుసా మీకు?"

"చెప్పాగా, మీ అన్నయ్య."

"యూదా అండీ! గురువుని పట్టించిన యూదా! నిన్ననేగా గంటన్నర చెప్పాను. మీరు వెనక వరసలో కూర్చుని బుద్ధిగా తలూపారు కూడా!"

నిన్న ఆయన తల ఊగిన మాట నిజమే. అది నిద్రలో ఊగింది.

ఆవిడ అన్నయ్య వడ్రంగి. నాలుగేళ్ళుగా ఈ చర్చి గడప తొక్కలేదు. కారణం ఎవరో కాదు, చెల్లెలి మొగుడే. వడ్రంగి ఆర్నెల్లు కష్టపడి చర్చికి పాస్టరుగారు నిలబడి ప్రసంగించే కొత్త పుల్పిట్ చేసి తెచ్చాడు. ప్రతిష్ఠ రోజున అది కాస్త ఊగింది. లైబ్రేరియన్‌గారు లేచి, సంఘమంతా చూస్తుండగా అట్టముక్క మడిచి దాని కాలి కింద దోపి, "వంకరొచ్చింది, ఫరవాలేదు" అన్నారు. వడ్రంగి ఆరాధన మధ్యలోంచే లేచి వెళ్ళిపోయాడు. ఫోను గ్రూపులోంచి కూడా వెళ్ళిపోయాడు. చెల్లెలు నాలుగేళ్ళు ప్రార్థన చేసి, నలభైసార్లు వాళ్ళింటికి తిరిగితే, మొన్న సాయంత్రం "సరేలే, వస్తాను" అన్నాడు.

లైబ్రేరియన్‌గారికి మాత్రమే తెలిసిన సంగతి ఇంకొకటుంది. రెండేళ్ళ క్రితం హాలుకు కొత్త రాళ్ళు పరిచినప్పుడు మేస్త్రీ మట్టం పెట్టి చూసి, పాత నేలే ఒక పక్కకు వాలి ఉందని తేల్చాడు. కొత్త నేల మీద పుల్పిట్ కొండలా నిలబడింది. లైబ్రేరియన్‌గారు ఆ అట్టముక్కను చప్పుడు కాకుండా జేబులో వేసుకున్నారు. ఆ ముక్క బావగారికి చెప్పాలని ఎన్నిసార్లు బయల్దేరారో, అన్నిసార్లూ వీధి మలుపులోంచి వెనక్కొచ్చారు.

"అన్నయ్య ఈసారి వెళ్ళాడంటే మళ్ళీ రాడండీ," అంది ఆవిడ. కళ్ళనిండా నీళ్ళు. "నా మీద ఒట్టు పెట్టి అడిగితే వస్తానన్నాడు. మీరేమో అక్కడ కూర్చోబెడతారు!"

"గ్రూపులో లేడు కదా, చూసి ఉండడు. సాయంత్రానికి మార్చేస్తే సరి," అని ఆయన పళ్ళెం పక్కకు తోశారు.

ఈలోగా ఫోను మోగింది. పళ్ళ డాక్టరు.

"సెక్రటరీగారూ, ఏడంటే తోమా కదండీ? సందేహాల తోమా? బైబిలు స్టడీలో ఏదో తెలుసుకుందామని రెండు ప్రశ్నలడిగాను. దానికి ఊరందరి ముందూ ఇంత శిక్షా?"

ఆయనకు సర్దిచెప్పి ఫోను పెట్టేసరికి స్కూలు హెడ్మిస్ట్రెస్‌గారు లైన్లో ఉన్నారు. ఆవిడది ఒకటో నెంబరు. ఆవిడైనా సంతోషంగా ఉంటుందనుకున్నారు లైబ్రేరియన్‌గారు.

"ఒకటంటే గౌరవమే, కాదనను. కానీ పేతురుగారు కదండీ? మూడుసార్లు నాకు తెలీదు, నాకు తెలీదు అని బొంకిన మనిషి. మావారు పొద్దుట్నుంచీ నన్ను చూసి ఒకటే నవ్వు."

ట్యాక్సు ఆఫీసు పెద్ద గుమాస్తా ఒక్కడే పరమానందంగా ఉన్నాడు. ఎనిమిదో శిష్యుడు మత్తయి. ఆయనా పన్నులు వసూలు చేసినవాడే. "ఇది దేవుడే వేసిన నెంబరండీ, సర్వీసులో నాకు దొరికిన మొదటి ప్రమోషను!" అన్నాడు గద్గదంగా.

ఇక లాభం లేదని లైబ్రేరియన్‌గారు పాస్టరుగారింటికి పరుగెత్తారు. పరిశుద్ధ గురువారం సాయంత్రం దాకా పాస్టరుగారు మౌనంలో ఉంటారన్న సంగతి గుమ్మంలోకి వెళ్ళాక గుర్తొచ్చింది. ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ప్రశాంతంగా తల ఊపుతున్నారు.

"అయ్యగారూ, వరుస తిరగేసేద్దామా? చివరిది మొదటిదిగా?"

పాస్టరుగారు తల ఊపారు.

"పోనీ, నెంబర్లు తీసేసి కుర్చీలు గుండ్రంగా వేస్తే?"

దానికీ ఊపారు.

"లేకపోతే నా నెంబరు మా బావగారికిచ్చి నేనే పన్నెండులో కూర్చోనా?"

ఈసారి ఇంకాస్త గట్టిగా ఊపారు. మూడింటికీ అనుమతి దొరికిందని లైబ్రేరియన్‌గారు తేలిక మనసుతో బయటికొచ్చి, గుమ్మం మెట్ల మీదే నిలబడి గ్రూపులో సవరణ పెట్టారు: వరుస తారుమారు, ఆఖరివారు మొదటివారు.

ఐదు నిమిషాలు గడవలేదు.

"అంటే ఇప్పుడు పన్నెండు నేనా?" అంది హెడ్మిస్ట్రెస్‌గారి గొంతు. ఆ గొంతుకు ఏడొందలమంది పిల్లలు ఠక్కున నిలబడతారు. లైబ్రేరియన్‌గారు కూడా నిలబడ్డారు, అప్పటికే నిలబడి ఉన్నా. "పేతురే నాకు నచ్చలేదని ఫోను చేస్తే, యూదాని చేస్తారా?"

ఆ వెనకే ట్యాక్సు గుమాస్తా. "నాకు ఐదొచ్చిందండీ. నా మత్తయిని ఎవరికిచ్చేశారు?" పాపం, నిజంగానే ఏడుస్తున్నాడు.

వెంటనే రెండో సవరణ వెళ్ళింది: నెంబర్లన్నీ రద్దు, కుర్చీలు గుండ్రంగా వేయబడును. దాంతో అందరూ ఊరుకోవాలి. కానీ ఆరు వారాలు శ్రద్ధగా బైబిలు చదివిన జనం అంత తేలిగ్గా ఊరుకోరు. గుండ్రానికి మొదలెక్కడ, చివరెక్కడ అన్న చర్చ పట్టుకున్నారు. పుల్పిట్ ఎడమ నుంచి లెక్కపెట్టాలని కొందరు, తలుపు దగ్గర నుంచని కొందరు. ఎటు లెక్కపెట్టినా తనకు ఏడే వస్తుందని పళ్ళ డాక్టరు బొమ్మ గీసి మరీ పెట్టాడు. మధ్యాహ్నానికి గ్రూపులో నూట నలభై సందేశాలు పోగయ్యాయి.

లైబ్రేరియన్‌గారు అవి చూడలేదు. హాల్లో నేల మీద కూర్చుని చీటీలు గీకుతున్నారు. అవి పుస్తకాల బైండింగుకు ఆయన స్వయంగా కాచే జిగురుతో అంటించినవి. ఇరవయ్యేళ్ళయినా ఊడదని ఆ జిగురు గురించి ఆయన అందరి దగ్గరా చెప్పుకునేవారు. ఊడలేదు. చెంచాతో గీకారు, నీళ్ళు పోశారు, వేడినీళ్ళ కోసం ఇంటికి ఐదుసార్లు తిరిగారు. ఐదున్నరకి పదకొండు చీటీలు వచ్చాయి. పన్నెండోది మాత్రం రాలేదు. పొద్దున్న గిన్నెలో మిగిలిన జిగురంతా ఎందుకు పారేయడమని ఆఖరి చీటీకే పూసేశారు మరి.

అలా ఆ హాలంతటికీ ఒకే ఒక్క నెంబరు మిగిలింది. పన్నెండు.

"ఇక మీరే కూర్చోండి దాంట్లో," అంది భార్య, కుర్చీలు గుండ్రంగా జరుపుతూ. "వీపు ఆనించి కూర్చుని కదలకండి. అన్నయ్య వచ్చినా లేవకండి."

ఆయన కూర్చున్నారు. ఆరవుతుండగా జనం వచ్చారు, కానీ ఒక్కరూ కూర్చోలేదు. హెడ్మిస్ట్రెస్‌గారు ఒక కుర్చీ దాకా వెళ్ళి, పుల్పిట్ వైపు చూసి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుని, పక్కకు తప్పుకున్నారు. మిగతావాళ్ళూ అంతే, లెక్కపెట్టడం, తప్పుకోవడం. పాస్టరుగారు బేసిను, చెంబు పుచ్చుకుని వచ్చి లైబ్రేరియన్‌గారి పక్క కుర్చీ ముందు పెట్టి, భుజాన తువ్వాలు సర్దుకుని నిలబడ్డారు.

అప్పుడొచ్చాడు వడ్రంగి. ఉతికిన చొక్కా వేసుకున్నాడు గానీ, పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతున్నాడు. చెల్లెలు ఎదురెళ్ళబోయింది. ఆమెను దాటి నేరుగా లైబ్రేరియన్‌గారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"లేవండి బావగారూ."

"ఇక్కడ... ఇక్కడ గాలి రాదు బావగారూ, అటు కూర్చోండి."

"లేవండి. అది నా కుర్చీ. పన్నెండు."

చెల్లెలి మొహం పాలిపోయింది. "నీకెలా తెలుసన్నయ్యా?"

"నేను గ్రూపులోంచి వచ్చేశాను గానీ, మీ వదిన రాలేదుగా. పొద్దున్నే చూపించింది."

లైబ్రేరియన్‌గారు మెల్లగా లేచారు. ఆయన వీపు తొలగగానే నెంబరు అందరికీ కనిపించింది.

"చూడగానే కోపమొచ్చింది, అబద్ధమెందుకు," అన్నాడు వడ్రంగి. "ఫోను విసిరేయబోయాను. మీ వదిన లాక్కుంది. నన్ను యూదా అంటాడా చూద్దామని బైబిలు తీశాను, నాలుగేళ్ళ తర్వాత. మొత్తం చదివాను. ఆ మనిషి భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. కానీ వెళ్ళకముందే అందరితోపాటు ప్రభువు అతని కాళ్ళూ కడిగారు కదా. ఏం చేయబోతున్నాడో తెలిసీ వదల్లేదు. నేనూ మధ్యలో లేచి వెళ్ళినవాణ్ణే. అప్పుడర్థమైంది. నువ్వు ఎలా వెళ్ళినా సరే, నీ చోటు నీకుంది, వచ్చి కూర్చో అని మా బావగారు ఎంత ఆలోచించి కబురు పంపారో! నాకు ఏడుపొచ్చింది. తీరా ఇందాక నెంబర్లు రద్దన్నారని మీ వదిన చెప్పింది. నా చోటు తీసేశారేమోనని పని వదిలేసి పరుగెత్తుకొచ్చాను."

లైబ్రేరియన్‌గారి నోట రాకూడని మాటే వచ్చింది.

"ఆలోచించి రాయలేదు బావగారూ, పేర్లు ఏ వరుసలో వస్తే..."

భార్య గట్టిగా దగ్గింది. ఆయన ఆగి, ఆమె వైపు చూసి, మళ్ళీ బావగారి వైపు తిరిగారు.

"ఆలోచించి చెప్పాల్సింది వేరే ఉంది. పుల్పిట్ వంకర కాదు బావగారూ. నేల వంకర. రెండేళ్ళ క్రితమే తెలిసింది. మీ దగ్గరకొచ్చి చెప్పడానికి మొహం చెల్లలేదు. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెప్తున్నాను. తప్పు నాది. క్షమించండి."

"రెండేళ్ళా?" అంది భార్య. ఆ లెక్క ఇంటికెళ్ళాక తేలుతుందని ఆ గొంతులోనే తెలిసిపోయింది.

వడ్రంగి నేలకేసి చూశాడు. ఉన్నట్టుండి నవ్వాడు. "నేల వాలిందని నాకు ఆ రోజే తెలుసు. చెప్పకుండా వెళ్ళిపోవడం నా పొగరు," అని లైబ్రేరియన్‌గారి రెండు చేతులూ పట్టుకుని, ఊపి, వదిలి, పన్నెండో కుర్చీలో తృప్తిగా కూర్చున్నాడు. చెల్లెలు కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. నాలుగేళ్ళ ఏడుపు అది, ఎవరూ ఆపలేదు.

అక్కడితో కుర్చీల బేరం తిరగబడింది. చివరి కుర్చీకి అంత మర్యాద ఉందని తెలిశాక మొదటి కుర్చీ ఎవరిక్కావాలి? హెడ్మిస్ట్రెస్‌గారు "నాకు వెనకే చాలు" అంటూ వడ్రంగికి అవతలి పక్క కుర్చీ పట్టేశారు. పళ్ళ డాక్టరు, ట్యాక్సు గుమాస్తా ఆ పక్క కుర్చీ కోసం నువ్వా నేనా అని తోసుకున్నారు. అందరూ సర్దుకునేసరికి బేసిను ఎదురుగా ఉన్న మొదటి కుర్చీ ఒక్కటే ఖాళీ.

"కూర్చోండి సెక్రటరీగారూ," అన్నారు పాస్టరుగారు. ఆ రోజుకు అదే ఆయన మొదటి మాట. "అన్నట్టు పొద్దున్న మీరొచ్చి ఏదో అడిగారు. మనసులో కీర్తన పాడుకుంటున్నాను, ఒక్క ముక్కా వినలేదు. ఏమైనా ముఖ్యమైన విషయమా?"

"ఏం లేదండీ," అని లైబ్రేరియన్‌గారు బావగారి పక్కన కూర్చుని చెప్పులు విడిచారు.

పాస్టరుగారు వంగి ఆయన పాదం చేతిలోకి తీసుకుని, ఒక క్షణం ఆగి, చెంబెడు నీళ్ళు ఎక్కువే పోశారు. తక్కిన పదకొండు మందీ ఇంటి దగ్గరే సబ్బు పెట్టి రుద్దుకుని, గోళ్ళు తీసుకుని మరీ వచ్చారు. పొద్దుటి నుంచి వీధులన్నీ తిరిగిన ఈయనకే ఆ తీరిక దొరకలేదు. ఆ సాయంత్రం పాస్టరుగారికి కడగడానికంటూ ఏమైనా దొరికింది ఆ ఒక్క కుర్చీ దగ్గరే.